పెదవికి తగిన అంచు: ట్రంపెట్ మౌత్‌పీస్ చరిత్ర

ట్రంపెట్ వాయించేవారి పెదవికీ వాద్యపు గొట్టానికీ మధ్య ఉండే లోహపు ముక్కను మౌత్‌పీస్ అంటారు. పొడవు తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త లోపే. బిగించిన పెదవుల సందులోంచి ఊపిరి వెళ్లేటప్పుడు పెదవులు అదురుతాయి. ఆ అదురు మౌత్‌పీస్ గుండా గొట్టంలోకి చేరి, అందులోని గాలిని కదిలించి నాదంగా మారుతుంది. వాద్యం ఎంత మంచిదైనా, ఈ ముక్క పెదవికి కుదరకపోతే కొత్తగా నేర్చుకునేవారి సాధన ముందుకు సాగదు. ఏది కుదురుతుందన్న ప్రశ్నకు ఇవాళ దొరికే జవాబు వెనుక మూడు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర పొడవునా కనిపించే సంగతి ఒకటే: ప్రతి మౌత్‌పీస్‌నూ ఏదో ఒక పని కోసం, ఏదో ఒక తరహా పెదవి కోసం చేశారు. అందరికీ మేలైనదంటూ ఒకటి ఎన్నడూ లేదు.

భాగాలు, వాటి పని

మౌత్‌పీస్‌లో పెదవి ఆనే గుండ్రటి భాగం అంచు. దాని లోపల గుంటగా ఉండేది కప్పు. కప్పు అడుగున ఉండే సన్నని రంధ్రం గొంతు. గొంతు దాటాక రంధ్రం మెల్లగా వెడల్పవుతూ కాడ చివరిదాకా సాగుతుంది. ఈ భాగాన్ని బ్యాక్‌బోర్ అంటారు. కాడ ట్రంపెట్ గొట్టంలో బిగుసుకుంటుంది.

వీటిలో ప్రతి కొలతా ఒకటి ఇచ్చి మరొకటి తీసుకుంటుంది. అంచు వెడల్పుగా ఉంటే ఒత్తిడి పెదవి మీద పరుచుకుని హాయిగా అనిపిస్తుంది. కానీ ఒక స్వరం నుంచి మరో స్వరానికి పెదవి చురుగ్గా కదలలేదు. సన్నని అంచు ఆ చురుకును ఇస్తుంది, బదులుగా పెదవిని కోస్తుంది. లోతైన కప్పు నాదాన్ని నిండుగా, మెత్తగా చేస్తుంది. లోతు తక్కువైన కప్పు నాదానికి మెరుపునిచ్చి పై స్థాయి స్వరాలను కొంత సులువు చేస్తుంది, కానీ దళసరి పెదవులు దాని అడుగును తాకి అదరడం మానేస్తాయి. గొంతు పెద్దదైతే నాదం బలంగా వస్తుంది, ఊపిరి ఎక్కువ ఖర్చవుతుంది. తయారీదారులు శతాబ్దాలుగా ఈ లెక్కలనే అటూ ఇటూ సర్దుతూ వచ్చారు.

గొట్టం కొసే మౌత్‌పీస్ అయిన కాలం

ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిని 1922లో హోవర్డ్ కార్టర్ బృందం కనుగొంది. అందులో దొరికిన వస్తువుల్లో రెండు ట్రంపెట్లు ఉన్నాయి: ఒకటి వెండిది, మరొకటి రాగి మిశ్రమలోహంతో చేసినది. క్రీస్తుకు పూర్వం 14వ శతాబ్దానికి చెందిన ఈ వాద్యాలకు విడిగా మౌత్‌పీస్ లేదు. గొట్టం సన్నని కొసకు ఒక కడియం వంటి వలయం ఉంటుంది, అంతే. కప్పు లేకపోవడం వల్ల వాటిలో తేలిగ్గా పలికేవి ఒకటి రెండు స్వరాలే. సైన్యానికి సంకేతాలు పంపడానికి అవి చాలు. 1939లో బీబీసీ కైరో నుంచి ఈ ట్రంపెట్ల ధ్వనిని ప్రసారం చేసింది. వాయించిన బ్రిటిష్ సైనిక వాద్యకారుడు జేమ్స్ టాపర్న్ వాటికి ఆధునిక మౌత్‌పీస్ తగిలించాడు. అందుచేత శ్రోతలు ఆనాడు విన్నది పురాతన గొట్టానికి కొత్త కప్పు ఇచ్చిన నాదం. మౌత్‌పీస్ మారితే వాద్యమే మారినట్టవుతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

తెలుగు నేల మీద జాతరల్లో, ఊరేగింపుల్లో వినిపించే కొమ్ము బూర కూడా ఈ కుటుంబానికి చెందినదే. దాని సన్న కొసే పెదవి ఆన్చే చోటు. కొద్ది స్వరాలతోనే దూరానికి వినిపించడం దాని పని.

రోమన్లు మౌత్‌పీస్‌ను వాద్యం నుంచి వేరు చేసి వాడారు. వారి సైన్యంలో నిటారుగా ఉండే ట్యూబా, వృత్తంగా వంగిన కార్ను అనే వాద్యాలు ఉండేవి. వాటికి విడిగా తీసి పెట్టగల మౌత్‌పీస్‌లు ఉండేవి. పాంపేయిలో బయటపడిన కార్నులు నేపుల్స్ మ్యూజియంలో ఉన్నాయి. మౌత్‌పీస్ విడి వస్తువైతే గొట్టాన్ని మార్చకుండానే పెదవికి తగ్గట్టు మరొకటి పెట్టుకోవచ్చు. నేటి కొనుగోలుదారు ముందున్న ఎంపికకు మూలం ఈ మార్పులోనే ఉంది.

న్యూరెంబర్గ్ పనివారు

16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో ఇత్తడి ఊదుడు వాద్యాల తయారీకి జర్మనీలోని న్యూరెంబర్గ్ కేంద్రం. నోయ్‌షెల్, ష్నిట్జర్, హైన్‌లైన్, ఏహె, హాస్ కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేశాయి. ఆ కాలపు ట్రంపెట్‌కు వాల్వులు లేవు. రెండు మీటర్లకు పైబడిన గొట్టాన్ని మడిచి చేసేవారు. స్వరాలన్నీ పెదవి బిగువుతోనే పలకాలి.

ఆనాటి మౌత్‌పీస్ నేటి దానికన్నా పెద్దది. అంచు వెడల్పుగా, చదునుగా ఉండేది. కప్పు అర్ధగోళంలా గుండ్రంగా ఉండి, గొంతులోకి దిగేచోట పదునైన మలుపు ఉండేది. ఆ పదును స్వరం మొదలును స్పష్టంగా పలికిస్తుంది. చదునైన అంచు గంటల తరబడి వాయించేవారి పెదవికి ఆసరా ఇస్తుంది. 1619లో ప్రిటోరియస్, 1636లో మెర్సెన్ తమ సంగీత గ్రంథాల్లో ఆనాటి వాద్యాల బొమ్మలు వేయించడం వల్ల వాటి ఆకారం నేటికీ తెలుస్తున్నది.

వాయించే పనిని బట్టి మౌత్‌పీస్ మారడం ఈ కాలంలోనే స్థిరపడింది. బృందంలో కింది స్థాయి స్వరాలు పలికించేవారిని ప్రిన్సిపల్ వాద్యకారులనీ, పై స్థాయి స్వరాల్లో రాగరచన వాయించేవారిని క్లారినో వాద్యకారులనీ పిలిచేవారు. మొదటివారికి వెడల్పైన, లోతైన మౌత్‌పీస్; రెండవవారికి కాస్త ఇరుకైన, లోతు తక్కువైనది. 1795లో హాలెలో అచ్చయిన గ్రంథంలో యోహాన్ ఎర్న్‌స్ట్ ఆల్టెన్‌బుర్గ్ ఈ తేడాను వివరించాడు. క్లారినో వాదనం ఎంత కష్టమైనదో లైప్‌జిగ్ వాద్యకారుడు గాట్‌ఫ్రీడ్ రైఖె జీవితం చెబుతుంది. జె.ఎస్. బాఖ్ రచనల్లోని ట్రంపెట్ భాగాలు వాయించిన ఆయన 1734 అక్టోబరులో ఒక ఉత్సవ కచేరీ జరిగిన మరునాడే కుప్పకూలి చనిపోయాడు. ముందురోజు పడిన శ్రమ, కాగడాల పొగ అందుకు కారణమని ఆనాటివారు రాసిపెట్టారు.

ఈ విద్య అప్పట్లో అందరికీ అందేది కాదు. 1623లో రెండవ ఫెర్డినాండ్ చక్రవర్తి ట్రంపెట్ వాద్యకారుల సంఘానికి ప్రత్యేక హక్కులు ఇచ్చాడు. ఆ సంఘంలో చేరాలంటే గురువు వద్ద రెండేళ్లు శిష్యరికం చేయాలి. పిల్లవాడి పెదవిని దగ్గరగా చూసి సరిదిద్దే గురువు ఎదురుగా ఉన్నంతకాలం, కొత్తవారు అంగడిలో మౌత్‌పీస్ ఎంచుకోవలసిన అవసరం రాలేదు.

వాల్వులు, కార్నెట్, పాఠ్యగ్రంథాలు

1818లో ప్రష్యాలో హైన్‌రిఖ్ ష్టోల్ట్సెల్, ఫ్రీడ్రిఖ్ బ్లూమెల్ వాల్వుకు పేటెంటు పొందారు. మీట నొక్కితే గొట్టం పొడవు మారుతుంది గనుక అన్ని స్వరాలూ అందుబాటులోకి వచ్చాయి. పారిస్‌లో పెరినె 1830ల చివర రూపొందించిన పిస్టన్ వాల్వే నేటి ట్రంపెట్లలో ఎక్కువగా కనిపిస్తుంది. అదే పారిస్‌లో కార్నెట్ అనే పొట్టి వాద్యం పుట్టి, పట్టణ బ్యాండ్లకు ప్రాణమైంది. కార్నెట్ మౌత్‌పీస్ కప్పు గరాటులా లోతుగా దిగుతుంది. నాదం మెత్తగా ఉంటుంది.

వాల్వులతో గొట్టం పొట్టిదైంది. పొట్టి గొట్టానికి పాత పెద్ద మౌత్‌పీస్ అక్కర లేదు. అంచు గుండ్రబడింది, మొత్తం పరిమాణం తగ్గింది. వాద్యం అందరి చేతికీ రావడంతో పాఠ్యగ్రంథాల అవసరం పెరిగింది. పారిస్ కన్సర్వేటరీలో ట్రంపెట్ బోధించిన దోవెర్నె 1857లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయన శిష్యుడు జాన్ బాప్టిస్ట్ ఆర్బాన్ 1864లో వెలువరించిన కార్నెట్ గ్రంథం నేటికీ విద్యార్థుల చేతిలో ఉంది. మౌత్‌పీస్‌ను పెదవుల మధ్యన, మూడింట ఒక వంతు పైపెదవి మీద, రెండు వంతులు కింది పెదవి మీద ఆన్చాలని ఆర్బాన్ చెప్పాడు. 1870లో వచ్చిన సెయింట్-జాకోమ్ గ్రంథం దీనికి పూర్తిగా తలకిందులు: పైపెదవి మీదే రెండు వంతులు ఉండాలంటుంది. ఇద్దరూ గొప్ప వాద్యకారులే. ఎవరి పళ్ల వరస, పెదవి మందం వారివి గనుక ఒకరికి కుదిరిన పద్ధతి మరొకరికి నియమం కాలేదు.

ఎల్‌ఖార్ట్‌లో గాయపడిన పెదవి

పెదవి సుఖం కోసమే మౌత్‌పీస్ తయారుచేసి, దానితో వ్యాపారం మొదలుపెట్టిన వ్యక్తి చార్లెస్ జెరార్డ్ కాన్. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ పట్టణంలో చిన్న వ్యాపారాలు చేసుకుంటూ ఊరి బ్యాండులో కార్నెట్ వాయించేవాడు. ఒక కొట్లాటలో ఆయన పెదవి చిట్లింది. లోహపు అంచు ఆన్చితే నొప్పి. ఆయన వ్యాపారాల్లో రబ్బరు స్టాంపుల తయారీ కూడా ఒకటి. ఆ రబ్బరునే మౌత్‌పీస్ అంచుకు అతికించి చూశాడు. నొప్పి లేకుండా వాయించగలిగాడు. ఇతర వాద్యకారులు తమకూ కావాలని అడగడంతో పాత కుట్టుమిషన్ చట్రాన్ని లేత్‌గా మార్చి తయారీకి దిగాడు. 1875లో దానికి పేటెంటు వచ్చింది. అక్కడినుంచి కార్నెట్ల తయారీ, తర్వాత పెద్ద కర్మాగారం వచ్చాయి. ఎల్‌ఖార్ట్ అమెరికాలో బ్యాండు వాద్యాల రాజధాని అయింది.

రబ్బరు అంచు మాత్రం వాడుకలో స్థిరపడలేదు. నున్నటి లోహం మీద పెదవి సన్నగా జరుగుతూ స్వరం మార్చుకోగలదు. రబ్బరు పెదవిని పట్టి ఉంచుతుంది. సుఖానికి మెత్తదనం కన్నా నున్నదనం, సరైన వంపు ముఖ్యమని వాడుకే తేల్చింది.

విన్సెంట్ బాఖ్ కొలతలు

నేటి మౌత్‌పీస్‌లకు అంకెలు, అక్షరాలు తగిలించే పద్ధతిని స్థిరపరిచినవాడు విన్సెంట్ బాఖ్. ఆస్ట్రియాలో వియన్నా దగ్గరి బాడెన్‌లో 1890లో పుట్టాడు. అసలు పేరు విన్‌చెంట్స్ ష్రోటెన్‌బాఖ్. ఇంజనీరింగ్ చదివి, ట్రంపెట్ వాద్యాన్ని వృత్తిగా ఎంచుకున్నాడు. 1914లో అమెరికా చేరి బోస్టన్ సింఫనీలో వాయించాడు. ఒకసారి పర్యటనలో తన మౌత్‌పీస్‌ను బాగుచేయమని ఇస్తే, పనివాడు దాన్ని పాడుచేశాడు. అలాంటిదే మరొకటి ఎక్కడా దొరకలేదు. చేతి పనితనం మీద సాగే ఆనాటి తయారీలో ఏ రెండు మౌత్‌పీస్‌లూ సరిగ్గా ఒకేలా ఉండేవి కావు. 1918లో న్యూయార్క్‌లోని సెల్మర్ వాద్యాల దుకాణం వెనుక భాగంలో కాలితో తొక్కే లేత్ పెట్టుకుని బాఖ్ స్వయంగా పని మొదలుపెట్టాడు. పోయినదానికి అచ్చంగా అదే కొలతతో మరొకటి చేసి ఇవ్వగలగడం ఆయన సాధించిన విజయం.

ఆయన పద్ధతిలో అంకె కప్పు వ్యాసాన్ని తెలుపుతుంది. అంకె పెరిగేకొద్దీ వ్యాసం తగ్గుతుంది. అక్షరం లోతును తెలుపుతుంది: ఎ అత్యంత లోతైనది, అక్కడినుంచి ముందుకు పోయేకొద్దీ లోతు తగ్గుతుంది. కంపెనీ జాబితా ప్రకారం 1½సి వ్యాసం 17 మిల్లీమీటర్లు, 3సి 16.3, 7సి 16.2. చివరి రెంటి మధ్య తేడా మామూలు కాగితం మందమంత. అయినా వాటిని పెదవికి ఆన్చినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. 7సి అంచు లోపలి మలుపు కాస్త పదునుగా తగలడం అందుకు కారణం. పెదవి గ్రహించేది వ్యాసం ఒక్కదానినే కాదు, అంచు వంపును కూడా.

బాఖ్ 1961లో తన కంపెనీని సెల్మర్‌కు అమ్మేశాడు. కొన్నేళ్లకు తయారీ ఎల్‌ఖార్ట్‌కు తరలింది. 1976లో ఆయన కన్నుమూశాడు.

బడి బ్యాండ్లు, మధ్యస్థ కొలత

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అమెరికా బడుల్లో బ్యాండ్లు వేగంగా పెరిగాయి. 1923లో షికాగోలో బడి బ్యాండ్లకు జాతీయ స్థాయి పోటీ జరిగింది. దాన్ని వాద్యాల తయారీదారులే ముందుండి నడిపారు. ఒకే తరగతిలో పదుల సంఖ్యలో పిల్లలు, అందరికీ ఒకే ఉపాధ్యాయుడు. ఒక్కొక్కరి పెదవినీ పరిశీలించి మౌత్‌పీస్ ఎంపిక చేయడం ఇక సాధ్యం కాదు. అందుకని ఎక్కువమందికి ఇబ్బంది కలిగించని మధ్యస్థ కొలతను వాద్యంతోపాటే పెట్టెలో పెట్టి ఇవ్వడం ఆనవాయితీ అయింది. అలా బాఖ్ 7సి తరతరాల విద్యార్థులకు తొలి మౌత్‌పీస్ అయింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడి బ్యాండులో ట్రంపెట్ పట్టినప్పుడు చాలావరకు వారి చేతికి వచ్చేది ఇదో, దీనికి దగ్గరి కొలతదో.

మరికొన్ని సంస్థలు తమ తమ పద్ధతులు ప్రవేశపెట్టాయి. షికాగో సింఫనీ వాద్యకారుడు రెనాల్డ్ షిల్కె 1956లో స్థాపించిన సంస్థ పద్ధతిలో అంకె పెరిగితే వ్యాసం పెరుగుతుంది. ఎ అంటే లోతు తక్కువైన కప్పు. అంటే బాఖ్ పద్ధతికి రెండు విధాలా ఎదురు. షిల్కె సలహాతో ట్రంపెట్లు రూపొందించిన జపాన్ సంస్థ యమహా కూడా ఇదే దారిలో నడిచింది. దాని విద్యార్థి వాద్యాలతో వచ్చే 11బి4 వ్యాసం జాబితాలో 16.46 మిల్లీమీటర్లు. దాన్ని బాఖ్ 7సికి సాటిగా వాడతారు, అంకెలు చూస్తే మాత్రం పెద్దది. గుండ్రటి అంచు లోపల వ్యాసాన్ని ఎక్కడ కొలవాలన్న విషయంలో సంస్థల మధ్య ఏకాభిప్రాయం లేదు. అందువల్ల ఒక సంస్థ అంకెను మరో సంస్థ అంకెతో నేరుగా పోల్చకూడదు.

గాయాలు నేర్పిన పాఠం

జాజ్ సంగీతం పై స్థాయి స్వరాల మోజును పెంచింది. పై స్వరాల కోసం మౌత్‌పీస్‌ను పెదవికి గట్టిగా అదిమే అలవాటు ఎందరినో దెబ్బతీసింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవుల మీద మచ్చలు జీవితాంతం నిలిచిపోయాయి. 1930లలో కొన్ని నెలలపాటు ఆయన వాయించడం మానుకోవలసి వచ్చింది. వాద్యకారుల పెదవి కండరం చిట్లడం గురించి 1982లో జైమె ప్లానస్ అనే వైద్యుడు రాసినప్పుడు ఆ స్థితికి ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు మీదుగా సాచ్మో సిండ్రోమ్ అని పేరు పెట్టాడు.

షికాగో సింఫనీలో 1948 నుంచి 2001 దాకా ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడైన అడాల్ఫ్ హెర్సెత్ కథ వేరు. 1952లో కారు ప్రమాదంలో ఆయన పెదవికి, పళ్లకు దెబ్బలు తగిలాయి. కోలుకున్నాక పెద్ద కొలత మౌత్‌పీస్‌తో తన గంభీర నాదాన్ని నిలబెట్టుకున్నాడు. ఆయన్ని చూసి ఎందరో విద్యార్థులు పెద్దవాటికి మారారు. ఆయన పెదవీ, ఊపిరీ, సాధనా లేనివారికి ఆ కొలత అలసటనే మిగిల్చింది.

పెదవి ఓర్పును పరీక్షించే వాదనం మన దేశంలోనూ ఉంది. భారతదేశంలోకి ఈ వాద్యాలు బ్రిటిష్ సైనిక బ్యాండ్లతో వచ్చాయి. 1885లో మొదలైన నాదిర్ అలీ సంస్థతో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ వీటి తయారీ కేంద్రంగా ఎదిగింది. దేశమంతటా పెళ్లి బ్యాండ్ల చేతుల్లో మీరట్ వాద్యాలే ఎక్కువ; తెలుగు పట్టణాల బ్యాండు మేళాలకూ ఆ పేరు కొత్తది కాదు. ఊరేగింపులో నడుస్తూ, ఆరుబయట, గంటల తరబడి వాయించే ఈ కళాకారులకు ఓర్పునిచ్చే అంచు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర లేదు.

కొత్తవారి ఎంపిక

ఈ చరిత్ర కొత్తవారికి చెప్పేది సూటిగానే ఉంటుంది. మొదటి మౌత్‌పీస్ మధ్యస్థంగా ఉండాలి: వ్యాసం 16 నుంచి 16.5 మిల్లీమీటర్ల దాకా, కప్పు మధ్యస్థ లోతులో, అంచు మరీ సన్నగానూ మరీ వెడల్పుగానూ కాకుండా, లోపలి మలుపు కాస్త గుండ్రంగా. బాఖ్ 7సి, 5సి, 3సి, యమహా 11బి4 ఈ వ్యాస పరిధిలోకి వస్తాయి, అయితే 7సి లోపలి మలుపు కాస్త పదునైనదని గుర్తుంచుకోవాలి. పెదవులు దళసరిగా ఉన్నవారికి వీటిలో కాస్త పెద్దది కుదరవచ్చు. పళ్లు ముందుకు ఉన్నవారికీ, పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకూ గుండ్రటి, వెడల్పైన అంచు మేలు. మౌత్‌పీస్‌లు సాధారణంగా ఇత్తడితో చేసి వెండి పూత వేసినవి. వెండి పడని చర్మానికి బంగారు పూత గానీ పాలికార్బనేట్ ప్లాస్టిక్ గానీ వాడతారు.

పరీక్షించేటప్పుడు రెండు మూడింటిని పక్కపక్కన పెట్టుకుని, మధ్యస్థాయి స్వరాన్ని మెత్తగా, దీర్ఘంగా పలికించి చూడాలి. స్వరం తడబడకుండా మొదలవుతోందా, పెదవి స్వేచ్ఛగా అదురుతోందా అన్నది గమనించాలి. పావుగంట వాయించాక పెదవి మీద లేత గుర్తు పడడం సహజం. కాసేపటికి అది పోవాలి. గుర్తు లోతుగా పడి, నొప్పి నిలిచిపోతే అంచు పదునైనా కారణం, అదమడమైనా కారణం. ఏదన్నది గురువు చూసి తేల్చాలి. అదిమే అలవాటును ఏ మౌత్‌పీస్ కూడా నయం చేయదు. పాతది కొనేవారు కాడ కొస సొట్ట పడిందేమో, అంచు మీద పూత అరిగి ఇత్తడి బయటపడిందేమో చూసుకోవాలి. గొట్టంలో కాడను కొద్దిగా తిప్పి బిగిస్తే చాలు. అరచేత్తో కొడితే అది ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నదాన్ని పట్టకారుతో లాగకుండా అందుకోసమే ఉన్న పుల్లర్‌తో తీయాలి.

ఎంచుకున్నదాన్ని కొన్ని నెలలు మార్చకుండా వాడాలి. పెదవి కండరాలు ఆ అంచుకు అలవాటుపడి బలపడడానికి అంత సమయం పడుతుంది. పై స్వరాలు రావడం లేదని తొలి ఏడాదిలోనే లోతు తక్కువైన కప్పుకు మారితే నాదం పలుచబడుతుంది. వాయించే సంగీతం ఏదో, తన పెదవి తీరు ఏమిటో తెలిశాక, సింఫనీకైతే లోతైనదీ, జాజ్ పై స్వరాలకైతే లోతు తక్కువైనదీ ఎంచుకునే దశ వస్తుంది. అప్పటిదాకా మధ్యస్థ కొలతే విద్యార్థికి సరైన నేస్తం.